కన్వర్టర్ మీద టేపు

ఆరేళ్లుగా ఇది నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. నా పేరు మీకు చెప్పను. యాదగిరి పేరు మాత్రం చెప్పాలి. పరువు పోయింది అతనిది.

మేమిద్దరం జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. ఆదివారాలు మరో నలుగురితో కలిసి కోహీర్ వైపు పక్షుల ఫొటోలకు వెళ్లేవాళ్లం. మాకు ఒకటే కట్టుబాటు. గూటి దగ్గరికి పోకూడదు. పోయినవాడు ఇక మాతో రాకూడదు.

నా దగ్గర ఒక కన్వర్టర్ ఉండేది. కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగిస్తే నాలుగు వందల మిల్లీమీటర్ల లెన్సు ఐదు వందల అరవై అవుతుంది, దూరపు పిట్ట దగ్గరవుతుంది. లెన్సు వెనక అదనంగా ఉండే మూడు పిన్నులకు కన్వర్టర్ తగలగానే ఆ సంగతి కెమెరాకు చేరి, ఫొటో ఫైల్లో కొత్త అంకె పడుతుంది. కానీ అది తెలిసిందంటే నా పాత కెమెరా, వెలుతురు చాలదని ఫోకస్ చేయడం మానేసేది. అందుకే ఆ పిన్నులు తగిలేచోట కన్వర్టర్‌కు సన్నటి టేపు అంటించాను. ఇక అది ఉన్నట్టే లెన్సుకు తెలియదు. ఫైల్లో నాలుగు వందలే పడుతుంది.

ఒక ఆదివారం యాదగిరి తన నాలుగు వందల లెన్సుకు పెట్టుకుంటానని దాన్ని తీసుకెళ్లాడు. టేపు సంగతి చెప్పడం మరిచాను. అంతవరకు నా తప్పేమీ లేదు. చెరుకు చేను పక్కన తుమ్మచెట్టు మీద, పిల్లల నోటికి ఎలుకను అందిస్తున్న గద్ద ఫొటోతో తిరిగొచ్చాడు. అలాంటి ఫొటో నాకు ఇరవై ఏళ్లలో దొరకలేదు. ఓర్వలేకపోయాను. దాచి లాభమేమిటి?

గద్ద అంత పెద్దగా పడిందంటే గూటి కిందికే పోయి ఉంటాడని మిగతావాళ్లు పట్టుకున్నారు.

"రోడ్డు మీదికెల్లే తీసిన. అన్న కన్వర్టర్ పెట్టిన" అన్నాడు యాదగిరి.

"పెడితే ఫైల్ల ఐదొందల అరవై రావాలె గద, నాలుగొందలే ఉన్నది! నువ్వేమంటవన్నా?" అని నన్నడిగారు. కెమెరాల విషయంలో వాళ్లకు నేను చెప్పిందే వేదం.

"కన్వర్టర్ ఉంటే లెన్సుకు తెలుస్తది" అన్నాను.

అబద్ధం కాదు కదా? ఎన్ని వందలసార్లు ఈ ప్రశ్న వేసుకున్నానో. నిజమైన మాటతోనే ఒక మనిషిని అబద్ధాలకోరును చేస్తున్నానని ఆ క్షణంలో నాకు తెలుసా, లేక నోరు జారిన తర్వాత తెలిసినా ఊరుకున్నానా? తెలుసు. తెలిసే అన్నాను. ఇంటికెళ్లి టేపు పీకి పారేశాను.

అతను మాతో రావడం మానేశాడు. కెమెరా అమ్మేశాడు. నా మీద మాత్రం ఇసుమంత కోపం లేదు. క్యాంటీన్‌లో రోజూ నా ఎదురుగానే కూర్చుని తన డబ్బాలోంచి నాకు పచ్చడి వేస్తాడు. తప్పించుకుందామంటే షిఫ్టూ ఒకటే, బస్సూ ఒకటే. మొన్న ఉన్నట్టుండి, "నేనే యాది మరిచి దగ్గరికి పోయిన్నో ఏమోనన్నా. మిషిన్ ఎందుకు అబద్ధమాడ్తది?" అన్నాడు. నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.

అతనికి ఇంకా చెప్పలేదు. రేపు చెబుతానని మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో చూశారుగా. యాదగిరి గూటి దగ్గరికి పోలేదు. రోడ్డు మీదే నిలబడ్డాడు. ఈ రెండు ముక్కలూ ఇంతవరకు ఎవరి ముందూ అనలేదు. ఇప్పుడు అన్నాను.