మెడలో గడ్డ

జమ్మలమడుగులో టీచరుగా పనిచేసే రోజుల్లో నా మెడకు కుడివైపు ఒక గడ్డ లేచింది. ప్రొద్దుటూరు డాక్టరు మద్రాసుకు పంపాడు. మెదడుకు పోయే రక్తనాళాన్ని అంటుకుని పెరిగే అరుదైన కణితి అని అక్కడ తేలింది.

"క్యాన్సర్‌లా లేదు. ఆపరేషన్ చేస్తే గొంతు పోయే ప్రమాదముంది. వద్దంటే ఏటా స్కాన్ తీసి చూసుకోవాలి. మీరే ఆలోచించుకోండి" అన్నాడు మద్రాసు డాక్టరు.

ఆలోచించే పని మా బావ తన మీద వేసుకున్నాడు. ఆయన నా భర్తకు అన్న, పులివెందుల దగ్గర మా ఊళ్లో ఒక పార్టీకి పెద్ద. ఫ్యాక్షన్ గొడవలు ముదిరిన కాలమది. ఆయన మాటకు ఇంట్లోనే కాదు, ఊళ్లోనూ ఎదురు లేదు.

"ఎలక్షన్లు దగ్గరికొస్తాండాయి, అవి మొదలైతే నాకు తీరికుండదు. ఆ లోపల ఆపరేషన్ చేపిచ్చేద్దామమ్మా" అన్నాడు, తన మనుషులందరి ముందు. నా భర్త తల వంచుకున్నాడు.

"గొంతు పోతే నా పిల్లోళ్లకు పాఠాలు మీరొచ్చి చెప్తారా బావా? నాకు ఆపరేషన్ వద్దు" అన్నాను.

"నాకే ఎదురు చెప్తాండావా?"

"చెప్తాండా."

ఆ మాట మార్చలేదు. ఆయన రెండేళ్లు నాతో మాట్లాడలేదు, ఆసుపత్రికి పోవడానికి తన కారు పంపడమూ మానేశాడు. ఒకసారి హత్య జరిగి బస్సులు ఆగిపోతే, ఆటోలో ఎర్రగుంట్లకు పోయి ఒక్కదాన్నే మద్రాసు రైలెక్కాను. స్కాన్ గదిలోకి పోయిన ప్రతిసారీ భయమేసేది. అయినా పోయాను.

రిటైరై నాలుగేళ్లయింది. గడ్డ కొంచెం పెరిగింది. మొన్న డాక్టరు మళ్లీ ఆపరేషన్ మాటెత్తాడు. ఇంకో ఏడాది చూస్తానని చెప్పి వచ్చాను.