నిలబడి రాసే గుమాస్తా

నర్సీపట్నం తాలూకా కచేరీలో గుమాస్తా రామనాథం తొమ్మిదేళ్లుగా నిలబడే రాస్తున్నాడు. బరువంతా ఒక కాలి మీద వేసి, పెదవిని పళ్ల కింద నొక్కిపట్టి, ఎత్తు బల్ల మీదకి వంగి రాసేవాడు. వచ్చిన ప్రతి తాసీల్దారూ అది వినయమనుకుని నలుగురిలో మెచ్చుకునేవాడు. మూలవ్యాధని భార్య బాలాంబకొక్కర్తికే తెలుసు. కంద కూరలూ, మజ్జిగా, లేహ్యాలూ అన్నీ అయ్యాక, యాత్రకని సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్లి మొలలు కోయించుకున్నాడు. ముందురోజు ఆముదం తాగించారు. తరవాత నెల్లాళ్లూ వేపాకు కాచిన నీళ్ల తొట్టిలోనే గడిచింది. దొడ్డికి వెళ్లొచ్చిన ప్రతి ఉదయం కళ్లనీళ్లే. ఇవాళ, బాలాంబ పాతచీరతో బిందె కింద పెట్టేలాంటి చుట్టకుదురు చుట్టి ఇస్తే, దాన్ని కచేరీకి తెచ్చి కుర్చీలో వేసుకుని, ఊపిరి బిగబట్టి మెల్లగా కూర్చున్నాడు. నొప్పి రాలేదు. హాయిగా కళ్లు మూతలు పడ్డాయి. అప్పుడే తాసీల్దారు గారు లోపలికొచ్చారు. కచేరీ అంతా లేచింది, రామనాథం లేవలేదు.

"ఏటయ్యా, యాత్రకెళ్లొచ్చి మర్యాద మర్చిపోయావేటి?"

"లెగుస్తానండి బాబూ," అన్నాడతను కళ్లు తెరవకుండానే. "ఒక్క నిమిషం. సుఖంగా కూర్చుని తొమ్మిదేళ్లయిందండి."