ఫెయిలైన కోడలు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తున్న నేను, మళ్లీ తెలుగు ఎమ్మే చదవాలనుకుంటే ఎవరికీ నష్టం లేదనే అనుకున్నాను. తొంభైల చివరి మాట ఇది. దూరవిద్యలో చేరితే ఆదివారాలు హైదరాబాద్‌లో క్లాసులు, ఏడాది చివర పరీక్షలు. ఉద్యోగం మానక్కర్లేదు. ఇంట్లో వంట కూడా మానక్కర్లేదు, ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

చిన్నప్పుడు నాకు తెలుగు క్లాసంటే ప్రాణం. మా నాన్న సైన్సు అన్నాడు, చదివాను. పెళ్లి అన్నారు, చేసుకున్నాను. అత్తగారింట్లో ఉద్యోగం అన్నారు, చేరాను. ఏదీ నాకు చెడు చెయ్యలేదు. కానీ నా అంతట నేను ఎంచుకున్నది ఒక్కటీ లేదని ఒకరోజు ల్యాబ్‌లో గాజు గొట్టంలోంచి చుక్కలు వదులుతుండగా తోచింది. అలా తోచే లోపల రంగు మారాల్సిన చుక్క దాటిపోయింది. ఆ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేసుకున్నాను, మనసు మాత్రం మొదటికి రాలేదు.

నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి. ఫ్యాక్టరీ కట్టినప్పుడు ముత్తంగి అవతల మా మామయ్యగారి చెల్క అందులో పోయింది. భూమి ఇచ్చిన ఇంటికి ఒక ఉద్యోగం అని అప్పట్లో మాటిచ్చారు. మా ఆయన వేరే ఫ్యాక్టరీలో ఫిట్టరుగా కుదురుకున్నాడు కాబట్టి ఆ ఉద్యోగం చదువుకున్న కోడలికి వచ్చింది. చదువు వల్ల వచ్చిందని నా నమ్మకం, చెల్క వల్ల వచ్చిందని మామయ్య నమ్మకం. ఫ్యాక్టరీలో ఏది ఎక్కడుందో ఆయన పంటల్ని బట్టి చెప్పేవారు. బాయిలర్ ఉన్నది జొన్నచేను. క్యాంటీన్ ఉన్నది కందిచేను. నేను కూర్చునే ల్యాబ్ ఉన్నచోట రాళ్లు తేలి ఏమీ పండేది కాదట.

"ఇప్పుడన్న ఏమన్న పండుతున్నదా ఆడ?" అని నన్ను అడిగేవారు.

ముందుగా మా ఆయనకి చెప్పాను. మా ఇద్దరి షిఫ్టులు కలవవు. నేను లోపలికి వచ్చేసరికి ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి పోతుంటాడు. మా సంసారంలో పెద్ద పెద్ద నిర్ణయాలన్నీ గుమ్మంలో ఒకరు చెప్పులు విడుస్తూ, ఒకరు వేసుకుంటూ తీసుకున్నవే. "చదువుకో, నాకేంది. గని అమ్మకు నువ్వే చెప్పు" అని స్కూటర్ ఎక్కేశాడు. ధైర్యవంతుడు.

అత్తమ్మ అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని చెప్పాను.

"అత్తమ్మా, నేను మళ్ల పీజీ చదువుదామనుకుంటున్న."

ఆమె చెయ్యి చాటలోనే ఆగిపోయింది. "పీజీ అయిపోయిందంటివి గద?"

"అయిపోయింది. ఇది ఇంకోటి."

"గిది గూడ పీజీయేనా?"

"పీజీయే."

ఆమె నా మొహంలోకి జాలిగా చూసింది. "పోనీ తియ్యి బిడ్డా. అందరికి ఒక్కపారే వస్తదా?" అని మళ్లీ బియ్యంలో పడింది.

ఏమనుకుందో నాకు కాసేపటికి గానీ వెలగలేదు. మా ఊళ్లో చదివిన తరగతే మళ్లీ చదివేవాళ్లు ఒక్క రకమే. పదో తరగతి మళ్లీ చదువుతున్నాడంటే వాడు తప్పాడని. అలాంటప్పుడు పీజీ అయిన మనిషి మళ్లీ పీజీ అంటే ఇంక అడిగేదేముంది?

పొద్దున నీళ్ల పంపు దగ్గరికి వెళ్లేసరికి బిందెలన్నీ నాకు దారి ఇచ్చాయి. మామూలుగా ఆ పంపు దగ్గర కొత్త పెళ్లికూతురికి కూడా దారి ఇవ్వరు. మూలింటామె నన్ను పక్కకు పిలిచి, దర్గా దగ్గర నుంచి తెచ్చిన తాయెత్తు చేతిలో పెట్టింది. "మా పిలగాడు గిదాంతోనే పదో తరగతి గట్టెక్కిండు. నువ్వు పరేషాన్ గాకు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను ఫెయిల్ కాలేదు. ఫస్ట్ క్లాస్‌ల పాసైన" అన్నాను, పంపు దగ్గర అందరికీ వినబడేలా.

"ఫస్ట్ క్లాస్ వచ్చినోళ్లు మల్ల ఎందుకు సదువుతరు బిడ్డా?" అంది ఆమె, ఎంతో మెత్తగా.

తాయెత్తు కొంగున ముడేసుకుని, బిందె నింపుకుని వచ్చేశాను.

ఆడవాళ్లు తాయెత్తుతో సరిపెట్టుకున్నారు. మామయ్య అలా ఊరుకునే మనిషి కాదు. ఉతికిన ధోతి కట్టుకుని, తలకు కొత్త రుమాలు చుట్టుకుని నేరుగా ఫ్యాక్టరీకి వెళ్లారు. గేటు దగ్గర ఆయన్ని ఎవరూ ఆపరు. "చెల్క సూసిపోదామని వచ్చిన" అంటే కొత్తగా వచ్చిన బీహారీ వాచ్‌మన్ కూడా సలాం కొట్టి వదిలేసేవాడు. కానీ ఆ రోజు ఆయన బాయిలర్ వైపు పోకుండా మేనేజర్ గదిలోకి వెళ్లారు. నాకు మర్నాడు మేనేజర్ పిలిచేదాకా తెలియదు.

"మీ మామగారు వచ్చారండీ" అన్నాడాయన. కోస్తా మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. "మీరు ఎమ్మెస్సీ పాసవలేదట కదా? మళ్లీ రాస్తారనీ, అందాకా ఉద్యోగం తియ్యొద్దనీ చేతులు పట్టుకున్నారు. పెద్దాయన, నాకే బాధేసింది."

పాసయ్యాననే చెప్పబోయాను.

"రేపు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకురండి. అవి చూసేదాకా రిపోర్టుల మీద సంతకం పెట్టకండి" అన్నాడు.

ఆ రోజంతా ల్యాబ్‌లో చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఇంటికి వచ్చి, ఆ ఇంట్లో మొదటిసారి మామయ్య మీద గొంతు లేపాను. "ఎందుకు పోయినవు మామయ్యా? ఎవ్వరు పొమ్మన్నరు నిన్ను?"

ఆయన బిత్తరపోయారు. "నేనేం జేసిన? ఉన్నదే చెప్పిన గద. వాళ్లే దొరకబట్టే బదులు మనమే జల్దీ చెప్పుకుంటె మంచిగుంటదని పోయిన." రుమాలు విప్పి మళ్లీ చుట్టుకున్నారు. "చెల్క ఇచ్చి తెచ్చుకున్న నౌకరి. గది గూడ పోతె ఇగ మనకేముంటది?"

నా కోపం పోలేదు, కానీ ఆ కోపంతో ఏం చెయ్యాలో తెలియలేదు.

మర్నాడు మేనేజర్ నా సర్టిఫికెట్లు చూసి, కళ్లజోడు తీసి నవ్వాడు. "ఫస్ట్ క్లాసే కదండీ! మరి ఈ మళ్లీ పీజీ ఏంటి?"

చెప్పాను.

"తెలుగా? మన మాత్రలకి తెలుగొచ్చా?" అని ఇంకా నవ్వాడు. నవ్వు అయ్యాక మంచి మాటే అన్నాడు. "ఎంబీఏ చెయ్యండి. ఆదివారం షిఫ్టు మీకు పడకుండా చూస్తాను. అవగానే సీనియర్ పోస్టుకి నేనే రాస్తాను. తెలుగంటే మాత్రం ఏమీ చెయ్యలేను, ఏమని రాయను చెప్పండి?"

సాయంత్రం ఫ్యాక్టరీ బస్సులో అదే తీర్పు. ప్యాకింగ్ వాళ్లూ స్టోర్స్ వాళ్లూ ఎప్పుడూ ఒక్క మాట మీద ఉండరు, ఆ రోజు ఉన్నారు. ఎంబీఏనే. డ్రైవర్ కూడా అద్దంలోంచి తల ఊపాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎక్కిన బస్సు ముత్తంగి చేరేలోపు నా భవిష్యత్తు తేల్చేసి, ఎవరి మానాన వాళ్లు కునుకు తీశారు. నేనూ సరేననుకున్నాను. తెలుగు ఎమ్మే వల్ల ఇప్పటిదాకా వచ్చింది ఒక తాయెత్తూ, ఊడబోయి ఆగిన ఉద్యోగమూ.

నేను నిజంగానే పాసయ్యానని సారు ఒప్పుకున్న సంగతి ఇంట్లో చెప్పాను. "సారు అన్నడంటె పాసైనట్టే" అని మామయ్య స్థిమితపడి, రుమాలు దులుపుకుని బయటికి వెళ్లారు. అత్తమ్మ మాత్రం అరుగు మీద నుంచి కదలలేదు.

"అయితే మల్ల ఎందుకు సదువుతనన్నవు? జీతం పెరుగుతదా?"

"పెరగదు."

"పెద్ద నౌకరి ఇస్తరా?"

"ఇయ్యరు. అవన్నీ కావాలంటే ఎంబీఏ చెయ్యాలె. సారు గదే చెయ్యమన్నడు, గదే చేస్త."

"మరి ముందుగాల అనుకున్నది?"

"అది ఊకెనే అత్తమ్మా. దాంతోని ఏం అక్కెర లేదు. నాకిష్టమని అనుకున్న, అంతే."

తిడుతుందనుకున్నాను. ఆమె చాట పక్కన పెట్టింది.

"నేను పుట్టిన కాడికెల్లి అక్కెరున్న పనే జేసిన. నాట్లు అక్కెర, కలుపు అక్కెర, బర్రెలకు గడ్డి అక్కెర. నాకిష్టమని ఒక్క పని జెయ్యలే. నీకేదిష్టం అని ఎవ్వలు అడగలే." నా వైపు తిరిగింది. "నువ్వు గా ఊకెనే సదివేదే సదువు బిడ్డా. మీ సారు కాడికి పోయి నేను చెప్త."

"అమ్మో, వద్దత్తమ్మా! మీరెవ్వరు సారు కాడికి పోవద్దు!" అన్నాను. నవ్వొచ్చింది, నవ్వులోనే ఏడుపూ వచ్చింది. కళ్లు తుడుచుకుని, ఇంట్లో ఎవరూ అడగని మాట నేనే అడిగాను. "నీకేదిష్టం అత్తమ్మా?"

ఆమె చాలాసేపు రోడ్డు మీద పోతున్న లారీల వైపు చూసింది. "ఏమో బిడ్డా, ఎన్నడు అనుకోలే. సోంచాయించి చెప్త" అంది.

ఆ వారమే నేను తెలుగు ఎమ్మేలో చేరాను. ఆదివారం షిఫ్టులు ల్యాబ్‌లో వాళ్లనీ వీళ్లనీ బతిమాలి మార్చుకున్నాను. పరీక్షలు రాశాను, పాసయ్యాను, ఈసారి ఊరంతా నమ్మింది కూడా. అత్తమ్మని మాత్రం ఆ ప్రశ్న వీలు దొరికినప్పుడల్లా అడుగుతూ వచ్చాను. ప్రతిసారీ చేస్తున్న పని ఆపేది, నిజంగానే ఆలోచించేది.

"ఆగు బిడ్డా," అనేది, "ఇంక యాదికి వస్తలేదు."