ఉస్తాద్ నెమలికి రెండో కోటింగు

ఆ రోజుల్లో బాన్సువాడలో బ్రష్షు పట్టినవాడికి తిండికి లోటుండదని నమ్మేవాళ్లం. ఫ్లెక్సీలు వచ్చి గోడలన్నీ మింగేసినా, చెరుకు ట్రాక్టర్ల ట్రాలీలు మాత్రం మమ్మల్ని ఇంకా వదల్లేదు. మా మేనబావ, నేను ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాం. ట్రాలీ వెనక తలుపు మీద ఆయన వేసిన నెమలి, మనం ఏ పక్క నిలబడ్డా మనల్నే చూస్తున్నట్టు ఉండేది. చేయి వణకడం మొదలయ్యాక ఆయన బ్రష్షు కింద పెట్టేశాడు. మేం ఆ నెమలినే వేసుకుంటూ (మా చేతిలో అది కోడిలా వచ్చేది, అది వేరే సంగతి) బతికేవాళ్లం.

అప్పుడు హైదరాబాద్ నుంచి ఒక గ్యాలరీ సారు దిగాడు. బస్టాండు దగ్గర ఆగిన బీర్కూర్ రైతు ట్రాలీ వెనక ఉస్తాద్ నెమలిని చూసి అక్కడే నిలబడిపోయాడు. "ఎవరు వేశారు దీన్ని?" అంటే అక్కడే ఉన్న నేను "నేనే సార్" అన్నాను. పక్క నుంచి ఇంకో "నేనే సార్" వినిపించింది. బావది! సారు నవ్వి, మీరు వేసిన ఇలాంటి పాత తలుపులు చెరొకటి సంపాదించి ఉంచండి, వచ్చే వారం వస్తాను, నచ్చినదాన్ని ఎగ్జిబిషన్‌లో పెట్టి, వేసినవాడికి ఏడాదంతా పనిస్తాను అని చెప్పి వెళ్లాడు. ఉస్తాద్ పేరు చెప్పడానికి మాలో ఒక్కడికీ నోరు రాలేదు. ఆ రోజు నుంచే ఇద్దరం పగవాళ్లమైపోయాం.

ఉస్తాద్ చేతి నెమళ్లు అప్పటికి రెండే మిగిలాయి. బీర్కూర్ రైతుకు కొత్త తలుపు చేయించి ఇచ్చి పాతది నేను తెచ్చుకున్నాను. మద్నూర్ దాకా పోయి రెండోది బావ పట్టుకొచ్చాడు. రెండూ వెలిసిపోయి ఉన్నాయి. వెలిసిన బోర్డు ఎవరికైనా అప్పజెప్పడం మా పనిలో సిగ్గుచేటు. పైగా బావ ఎనామిల్ రంగు డబ్బా కొన్నాడని తెలిసింది. ఇంక ఆగుతానా! బావ ఒక కోటింగు వేస్తే నేను రెండు వేశాను. మూలన ఉస్తాద్ పెట్టుకున్న చిన్న సంతకం మీద నా పేరు నల్లరంగుతో లావుగా రాసుకున్నాను.

సారు వచ్చి, తళతళలాడే రెండు నెమళ్లనూ చూసి తల పట్టుకున్నాడు. "ఆ పాత రంగేదయ్యా? నాకు కావలసింది అదే కదా!" అని కారెక్కేశాడు.

"నువ్వు డబ్బా కొన్నవనే గదా నేను ఏసిన!" అని నేను, "నిన్నెవడు ఏయమన్నడు?" అని బావ కాలర్లు పట్టుకునేసరికి ఉస్తాద్ ఆటో దిగాడు. నెమలి కోసం హైదరాబాద్ వాళ్లు వచ్చారని ఎవరో చెప్పారట, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వణికే వేలితో రెండు తలుపులూ తడిమి, "గివి ఎవలేసిండ్రురా?" అన్నాడు. వారం కింద "నేనే" అన్న ఇద్దరం ఇప్పుడు ఒకరినొకరం చూపించుకున్నాం. ఆయన వంగి రెండు నెమళ్లనూ దగ్గర్నుంచి చూశాడు.

"మంచిగనే ఉన్నయి. ఇగ నాయి యాడనన్న మిగిలినయా?"



ఉస్తాద్ ఇప్పుడు లేడు. నేనూ ఫ్లెక్సీలే ప్రింటు చేస్తున్నాను. ఆ తలుపు షాపు వెనక ఉంది, తీరిక దొరికితే అడుగునున్న ఉస్తాద్ నెమలి కోసం బ్లేడుతో గీకుతుంటాను. ఎప్పుడైనా బావ టీ తాగడానికి వచ్చి "కన్ను కనబడ్డదా?" అంటాడు. లేదు. పై రంగుతో పాటే అడుగు రంగూ ఊడిపోతోంది. నాలోని ఆనాటి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వెనకే ఏడుపూ వస్తుంది. ఎంత గీకినా నా పేరు మాత్రం పోవడం లేదు. అక్షరం అంత గట్టిగా నిలిచేలా రాయడం నేర్పింది ఉస్తాదే మరి.