ఏ పార్టీకీ చెందని రంగు

మట్టయ్యకు మనుషుల మీద నమ్మకం తక్కువ, గోడల మీద ఎక్కువ. మనిషిని అడిగితే అబద్ధమాడతాడు, గోడను గీకితే నిజం చెప్తుంది అంటాడు. అందుకే పాత ఇంటికి రంగు వేయడానికి ఒప్పుకున్నరోజు డబ్బా తెరవడు, కేటలాగు తెరవడు. రొండిన దోపుకున్న పావలా బిళ్ళ తీసి, ఎండావానా తగలకుండా నీళ్లపైపు చాటున ఉన్నచోట అరచేయంత మేర గీకుతాడు. ఒక్కో పొరా ఊడి, అట్టడుగున ఏ రంగు కనిపిస్తే అదే ఆ ఇంటి రంగు. ఒప్పుకుంటే వేస్తాడు, లేదంటే వేరే పెయింటరును చూసుకోమంటాడు. రెండువేల పదకొండులో సర్కారు ఇక పావలా చెల్లదంటే మట్టయ్య నవ్వాడు. "సర్కారుకు చెల్లకుంటేంది, గోడకు చెల్లుతది."

ఈ పట్టుదల పుట్టుకతో వచ్చింది కాదు. నల్గొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ కూలీల అడ్డా మీద నిలబడ్డ కొత్తలో, ఎవరేమంటే అదే వేసేవాడు. మలక్‌పేటలో ఒక గల్లీ ఉంది. అక్కడ నిజాం కాలపు సున్నపు ఇళ్లు ఐదుండేవి. అందులో ఒకదానికి యజమాని మోజుపడితే నిగనిగలాడే ప్లాస్టిక్ పెయింటు వేశాడు. సున్నపు గోడ ఊపిరి పీల్చుకునే గోడ. దాని ముక్కూ నోరూ మూశాడన్నమాట. రెండు వానాకాలాలు తిరిగేసరికి గోడ అప్పడంలా ఉబ్బి, పెయింటుతో పాటు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. పాత కొంపలింతే అని యజమాని దాన్ని బిల్డరు చేతిలో పెట్టాడు. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల హాస్టలు, ప్రతి బాల్కనీలోనూ ఎంసెట్ పిల్లల బనియన్లు. ఆ ఇంటిని తన చేతులతో తానే చంపానని మట్టయ్య అనుకుంటాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం చూసినవాళ్లెవరూ నవ్వరు. నేనూ నవ్వను.

మిగతావి కూడా అదే దారిన పోయాయి. ఐదింట్లో మిగిలింది ఒక్కటి. దాన్ని కొనుక్కున్నది మల్లికార్జునరావు. తెనాలి వైపు మనిషి, ఇరవై నాలుగేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిజిక్సు చెప్తున్నాడు. దీపావళిలోపు ఇంటికి రంగు వేయమని ఆయన మట్టయ్యను పిలిచాడు. అవి తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మె రోజులు. కోచింగ్ సెంటరు మూతపడింది. పనీపాటా లేక ఇంట్లో కూర్చున్న యజమానిని మించిన గండం పెయింటరుకు ఇంకోటి లేదు.

"ఏ పార్టీకీ చెందని రంగు కావాలి మట్టయ్యా," అన్నాడు రావు, కేటలాగు ఒళ్లో పెట్టుకుని. అప్పటికే పెన్నుతో సగం కొట్టేశాడు. పసుపు ఒక పార్టీది. కాషాయం ఒకరిది, ఎరుపు ఒకరిది, నీలం ఇంకొకరిది. ఆకుపచ్చ వేస్తే మరో మాట పుడుతుంది. తెలుపు వేస్తే దవాఖానలా ఉంటుంది. గులాబీ ఉద్యమం జెండాది, ఆ పేజీని ఏకంగా మడిచి పిన్ను కొట్టాడు. చివరికి సిమెంటు బూడిద ఒక్కటే మిగిలింది.

"గట్లైతే రంగెందుకు సార్? బూడిదే పూస్త," అన్నాడు మట్టయ్య.

రావు నవ్వలేదు. బజార్లో బోర్డుల మీద 'ఆంధ్ర' అన్న అక్షరాలకు తారు పూస్తున్నారు. తన ఇంటికి కూడా ఎవరైనా వచ్చి ఉచితంగా పూసిపోతారేమోనని ఆయన బెంగ. కాదనడానికి ఏముంది? భయం భయమే.

మట్టయ్య అలవాటుగా పావలా తీశాడు. చేసిన తప్పల్లా, వీధి వైపు పైపు దగ్గర కూర్చోవడం. ఎదురుగా అంతయ్య కిరాణా దుకాణం. గల్లీలో ఉద్యమానికి ముందుండే మనిషి అతనే. సమ్మెలో ఉన్నవాళ్లంతా అతని అరుగు మీదే. గారడీ జరుగుతున్నట్టు అందరూ వచ్చి చుట్టూ మూగారు. బిస్కట్ రంగు ఊడింది. నీలం ఊడింది. చిలకపచ్చ ఊడింది. అడుగున, సున్నంలోకి ఇంకిపోయి, లేత గులాబీ.

"జై తెలంగాణ!" అని అరిచాడు అంతయ్య. గల్లీ అంతా అందుకుంది.

రావు మట్టయ్యను రెక్కపట్టి లోపలికి లాక్కుపోయాడు. "ముంచావు కదయ్యా! ఇప్పుడది వేస్తే మావాళ్లు నన్ను వెలేస్తారు. వేయకపోతే కావాలని చెరిపేశానని మీవాళ్లు అంటారు. అదంతా నాకెందుకు? బూడిద రంగు ప్లాస్టిక్ పెయింటు, రెండు కోట్లు కొట్టెయ్."

"గోడ సస్తది సార్."

"చస్తే చావనీ! బిల్డరు రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అమ్మేసి ఫ్లాటు కొనుక్కుంటాను."

మట్టయ్య బయటికొచ్చి కోపం అంతయ్య మీద చూపించాడు. "ఏం లొల్లిరా నీది? గిది జాజు. ఎర్రమట్టి, సున్నం. నీ జెండా పుట్టకముందుకెల్లి గీ గోడకున్నది. మల్ల జై అన్నవంటే గీ ఇల్లు గూడ హాస్టలైతది."

అంతయ్యకు అది బెదిరింపులా వినపడలేదు. హాస్టలంటే సబ్బులు, బిస్కట్లు, రీచార్జులు. ఆలోచనలో పడ్డాడు. వాడితో కాదని మట్టయ్య మళ్లీ లోపలికొచ్చాడు.

ఈలోగా రావు భార్య ఇందిరాదేవి వంటింట్లోంచి వచ్చి, వీధిలోకి వెళ్లి, గీకిన చోటు చూసి వచ్చింది. "ఇరవై నాలుగేళ్లలో నా చీర ఏ రంగో ఒక్కసారి చూడని మనిషికి ఇవాళ గోడ రంగు చూసి చెమటలు పడుతున్నాయి," అంది. "బాగుంది మట్టయ్యా. అదే వెయ్యి."

రావు కేటలాగు మూసేశాడు. ఇళ్లల్లో పెద్ద తీర్మానాలు ఇలాగే జరుగుతాయి.

మూడు రోజులు మట్టయ్య సున్నంలో జాజు కలిపి వేశాడు. రెండోరోజే అంతయ్య గులాబీ కండువా తెచ్చి "సార్ మనోడే" అని రావు మెడలో వేశాడు. మూడోరోజు తెనాలి నుంచి బావమరిది ఫోన్ చేసి, "బావగారూ, వాళ్లల్లో కలిసిపోయారట కదా!" అన్నాడు. రావు ఇద్దరికీ ఒకటే చెప్పాడు. "ఇది ఇంటి రంగండీ. నాది కాదు." ఇద్దరూ నమ్మలేదు.

పని ముగిశాక పైపు వెనక గీకిన అరచేయంత చోటును మట్టయ్య అలాగే వదిలేశాడు. తర్వాత వచ్చే పెయింటరు చూసుకోవడానికి. అది అతని ఆనవాయితీ. రావు వచ్చి అక్కడ గొంతుక్కూర్చున్నాడు. గులాబీ, చిలకపచ్చ, నీలం, బిస్కట్, మళ్లీ గులాబీ.

"ఇవన్నీ ఎవరెవరివో," అన్నాడు మెల్లగా. "ఇందులో నాదేదయ్యా?"

మట్టయ్య సున్నం అంటిన వేలు అన్నిటికన్నా పై పొర అంచు మీద పెట్టాడు. "గిదే సార్. గిది మీది. రేపు ఎవడన్న గీకితే ముందుగాల తగిలేది మీరే."

ఇరవై నాలుగేళ్లలో ఈ ఊళ్లో ఇది నీది అని ఎవరూ దేన్నీ ఆయనకు ఇలా వేలుపెట్టి చూపించలేదు. రావు లేచి అటు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"సున్నం ఇంకా మిగిలిందా?" అన్నాడు.

"ఉన్నది సార్."

"అయితే ఇంకో కోటు వెయ్యి."