వెనక సీటు బరువు

మా దీవుల్లో సైనిక తిరుగుబాటు జరిగాక మా ఆవిడ, ముగ్గురు పిల్లలు ఆక్లాండ్ వెళ్లిపోయారు. ఇక్కడ లౌటోకా ఊళ్లో నేనూ, నా కారూ మిగిలాం. మలుపుల్లో అది ఒక పక్కకు ఒరుగుతోందని, వెనక చక్రాలను కలిపే యాంటీ రోల్ బార్ తీయించి లావుది వేయించడానికి షెడ్డుకు వెళ్లాను.

“పీఛే కిత్నా ఆద్మీ బైఠే, మాస్టర్‌జీ?” అని, వెనక ఎంతమంది కూర్చుంటారో అడిగాడు మెకానిక్.

“తీన్” అన్నాను, అలవాటు కొద్దీ. ఆ ముగ్గురి బరువుకు తగ్గ బార్ బిగించాడు; ఖాళీ సీటుకు అది మరీ బిగువు.

మొదటి వానకే, లోవు అనే ఊరి మలుపులో, బరువులేని వెనకభాగం జారింది. స్టీరింగ్ నా మాట వినలేదు. ఇంట్లో కూడా వినేవాళ్లు లేరు కనుక కొత్తేమీ అనిపించలేదు. కారు గిర్రున తిరిగి చెరకు తోటలో దిగబడింది.

లారీ డ్రైవరొకడు పరుగెత్తుకొచ్చాడు. వెనక సీటు కింద పిల్లల చెప్పులు చూసి అతని మొహం పాలిపోయింది.

“లడ్కన్ కహాఁ, భయ్యా?” అని పిల్లల కోసం చుట్టూ వెతికాడు.

“ఆక్లాండ్‌లో. కులాసాగానే ఉన్నారు” అన్నాను.

కారుకు గీత కూడా పడలేదు. పిల్లలు ఇక్కడ లేరని నేను పైకి అనడం మాత్రం అదే మొదటిసారి.