దడి మీది చిక్కుడు

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే దడి. దాని మీద పాకే చిక్కుడు తీగ వేరు వాళ్ల పెరట్లో ఉంటే, కాయలు రెండు వైపులా కాసేవి. మేం కోయవాళ్లం. చిక్కుడు పండుగ చేసి, కొత్త కాయ దేవతకు పెట్టందే నోట్లో వేసుకోం. వాళ్లు మావాళ్లు కాదు. వాళ్ల తాత మైదానం నుంచి వచ్చి మా ఊళ్లో పాతుకుపోయాడు. అయినా మా పండుగ అయ్యేదాకా వాళ్లూ కాయ తెంపేవాళ్లు కాదు. ఎవరో పెట్టిన కట్టుబాటు కాదది. తీగ ఒకటే కదా అని, అంతే.

ఆ ఇంటి అమ్మాయీ నేనూ ఒకే బడిలో చదివాం, టీచర్ ట్రైనింగూ కలిసే చేశాం. చదువులో ఆమెదే పైచేయి. ఊరికే ఎవరినీ పొగిడే అలవాటు నాకు లేదు కాబట్టి ఈ మాట నమ్మొచ్చు. రెండువేల సంవత్సరం మొదట్లో ఏజెన్సీ ఊళ్ల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నారు. నాకు ఉద్యోగం వచ్చింది. ఆమెకు దరఖాస్తు పెట్టుకునే వీలే లేకపోయింది.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. బడికని బస్సెక్కితే అదే చర్చ. చండ్రుగొండ చేరేలోపు ఎవరో ఒకరు "మార్కులెన్నొచ్చినయమ్మా?" అని అడగాల్సిందే. ఒకసారి ఉండబట్టలేక, "మా పోరగాండ్లను మా కోయ మాటల ఆకలైందా అని అడిగిన టీచరు ఇన్నేండ్లల్ల ఒక్కరన్న వచ్చిండ్రా?" అని గయ్యిమన్నాను. అడిగినాయన కిటికీ వైపు తిరిగాడు. గెలిచాననుకున్నాను గానీ, దిగాక బడి దాకా ఆ మాటలే నాలో నేను మళ్లీ మళ్లీ అనుకుంటూ నడిచాను. నా మార్కుల సంగతి ఎత్తనిది పక్కింటి అమ్మాయి ఒక్కతే. అదే నన్ను ఎక్కువ తొలిచేది.

ఆ ఏడు పండుగకు ముందే పక్కింటి నుంచి చిక్కుడుకాయ కూర వాసన వచ్చింది. పొయ్యి ముందున్న అమ్మ తలెత్తి చూసి మళ్లీ పనిలో పడింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. దడి దగ్గరికి వెళ్లి ఆ అమ్మాయిని పిలిచాను.

"ఏందే, పండుగ గాకముందే తెంపిండ్రా?"

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అవ్, తెంపినం. పోస్టులేమో మీయి, పండుగలేమో అందరియా?"

"ఆ తీగ పెట్టిన జాగ ఎవరిదో మీ నాయననడుగు."

ఆ పెరడూ, దాని వెనక చేనూ ఒకప్పుడు మా తాతవి. అవి వాళ్ల తాత చేతికి ఎట్లా పోయాయో మా ఇంట్లో తెలుసు, వాళ్లింట్లోనూ తెలుసు. ఇన్నేళ్లూ ఎవరం నోరు జారలేదు.

ఆమె నన్ను తేరిపార చూసింది. "మా తాత తిన్నది నన్ను కక్కమంటవా?" అని లోపలికి వెళ్లిపోయింది.

నా ఉద్యోగం నాకు హక్కుగా వచ్చిందే. ఇవాళ అడిగినా అదే అంటాను. కానీ తాతల మాట మళ్లీ ఆ దడి దగ్గర ఎత్తలేదు.

పండుగనాడు అమ్మ ఎప్పటిలాగే వాళ్లకోసం గిన్నెలో కూర పెట్టి నా చేతికిచ్చింది. నేను పోనన్నాను.

"నీ నౌకరికీ నా గిన్నెకూ ఏం సంబంధమే? పో."

వెళ్లాను. వాళ్లమ్మ తలుపు దగ్గరే అందుకుంది. ఆ అమ్మాయి బయటికి రాలేదు.

గిన్నె ఖాళీగా తిప్పి పంపడం మా ఊళ్లో ఎవరూ చేయరు. ఆ ఇంటి నుంచి ఎప్పుడూ ఇంత బెల్లమో, గుప్పెడు బియ్యమో వేసుకుని వచ్చేది. మర్నాడు పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే మా గిన్నె దడి గుంజ మీద కనిపించింది. శుభ్రంగా తోమి, బోర్లించి ఉంది.

అమ్మ వచ్చి దాన్ని తీసుకుంది. వెల్లకిలా తిప్పి లోపలికి చూసింది. కొంగుతో తుడిచింది, తడి లేకపోయినా.

"పో బిడ్డా," అంది. "బడికి ఆలస్యమైతది."